రెండో లింకు ఉన్నా నెట్‌వర్క్ ఎందుకు ఆగిపోతోంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రెండు రౌటర్లు, రెండు కోర్ స్విచ్‌లు (మిగతా స్విచ్‌లన్నీ వచ్చి కలిసేవి), రెండు వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ కనెక్షన్లు. డయాగ్రాంలో ప్రతి గీతకూ జోడీ గీత ఉంది. అయినా ఒక్క కేబుల్ తెగగానే అందరి పనీ ఆగిపోయింది. ఇలాంటప్పుడు మూడో పరికరం కొనాలనే ఆలోచన వస్తుంది. దాదాపు ప్రతిసారీ అది తప్పు మందే. రెండోది లేక ఆగిపోయే నెట్‌వర్క్‌ల కన్నా, మొదటిది పోయిందన్న సంగతి రెండోదానికి తెలియక ఆగిపోయేవే ఎక్కువ. అందుకే సామాను జాబితా పక్కన పెట్టి, కనిపిస్తున్న లక్షణం నుంచి మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. నెట్‌వర్క్ ఆగగానే పరికరాలను రీస్టార్ట్ చేయకండి. చాలా పరికరాల్లో లాగ్ (జరిగినవాటి నమోదు) మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే చెరిగిపోతుంది. లాగ్‌లను వేరే సర్వర్‌కు పంపే ఏర్పాటు, అన్ని పరికరాల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలిసి ఉండటం తప్పనిసరి. రెండు రౌటర్ల గడియారాల్లో రెండు నిమిషాల తేడా ఉంటే ఏది ముందు పడిపోయిందో ఎవరూ తేల్చలేరు.

లింకు పనిచేస్తున్నట్టే చూపిస్తోంది, ఇంటర్నెట్ లేదు, ట్రాఫిక్ రెండో కనెక్షన్‌కు మారలేదు

ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు ఇదే. మీ రౌటర్ కేబుల్ పక్కనే ఉన్న మీడియా కన్వర్టర్‌లోకో (ఫైబర్ సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె), ప్రొవైడర్ పెట్టిన చిన్న పెట్టెలోకో వెళ్తుంది. ఆ రెంటి మధ్య విద్యుత్ సంకేతం ఉన్నంతసేపూ పోర్టు దీపం వెలుగుతూనే ఉంటుంది. ఫైబర్ నాలుగు కిలోమీటర్ల అవతల తెగినా రౌటర్‌కు తెలియదు. స్టాటిక్ డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే ప్యాకెట్లకు చేత్తో రాసిన దారి) పోర్టు ఆరిపోయినప్పుడే తొలగుతుంది కనుక, ప్యాకెట్లన్నీ తెగిన దారిలోకే వెళ్తూ ఉంటాయి.

నిర్ధారించుకోవడం తేలికే. మొదటి లింకు చిరునామానే సోర్సుగా (పంపేవారి చిరునామాగా) పెట్టి బయటి చిరునామాకు పింగ్ (జవాబు కోరే చిన్న ప్యాకెట్) చేయండి. పోర్టు దీపం వెలుగుతూనే ఉండి, బయటివి పలకకపోతే సమస్య ఇదే, ప్రొవైడర్ గేట్‌వే (వాళ్లవైపు మొదటి రౌటర్) పలికినా సరే.

పరిష్కారం: పోర్టు స్థితిని నమ్మకుండా, దారి నిజంగా పనిచేస్తోందో లేదో రౌటరే పింగ్‌తో పరీక్షించుకునేలా ట్రాకింగ్ పెట్టాలి. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, ప్రొవైడర్ గేట్‌వేకే పింగ్ చేయడం. అది బాగానే ఉండి, దాని వెనక నెట్‌వర్క్ పడిపోతే ఈ పరీక్ష వల్ల ఉపయోగం లేదు. రెండోది ఇంకా చికాకుపెడుతుంది. పరీక్షించే చిరునామాకు మొదటి లింకు గుండా మాత్రమే వెళ్లేలా ప్రత్యేక రూట్ రాయకపోతే, ట్రాఫిక్ రెండో లింకుకు మారగానే ఆ పింగ్ కూడా రెండో లింకు నుంచే వెళ్తుంది. జవాబు వస్తుంది. మొదటి లింకు కోలుకుందనుకుని రౌటర్ వెనక్కి మారుస్తుంది. మళ్లీ విఫలం, మళ్లీ మార్పు. లాగ్‌లో ప్రతి కొన్ని సెకన్లకూ రూట్ అటూ ఇటూ మారుతూ కనిపిస్తే ఈ ప్రత్యేక రూట్ ఉందో లేదో ముందు చూడండి. పరీక్షకు కనీసం రెండు వేర్వేరు చిరునామాలు పెట్టండి. రెండూ, అదీ వరుసగా కొన్నిసార్లు, విఫలమైతేనే మారాలి.

ప్రొవైడర్‌తో బీజీపీ (సంస్థల రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) నడుపుతుంటే ఈ పరీక్ష కొంతవరకు దానంతటదే జరుగుతుంది, కానీ నింపాదిగా. బీజీపీ ప్రమాణం సూచించే హోల్డ్ టైమ్ (అవతలి రౌటర్ మాట కోసం ఎదురుచూసే గడువు) 90 సెకన్లు. చాలా రౌటర్లలో డిఫాల్టుగా 180 సెకన్లు ఉంటుంది. అంటే 3 నిమిషాలు అంధకారం. ప్రొవైడర్ ఒప్పుకుంటే బీఎఫ్‌డీ (దారి తెగిందేమో వేగంగా కనిపెట్టే పద్ధతి) పెట్టించుకోండి. 300 మిల్లీసెకన్లకొక ప్యాకెట్, మూడు రాకపోతే లింకు పోయినట్టు అని పెడితే సెకనులోపే తేలిపోతుంది. ఇంతకన్నా బిగించాలన్న ఆశ వద్దు. సీపీయూ కాస్త బిజీగా ఉన్న పరికరంలో మరీ చిన్న టైమర్లు, లేని ప్రమాదాన్ని ఉన్నట్టు చూపిస్తాయి.

ఇంకో మాట. నాట్ (లోపలి యంత్రాలన్నీ ఒకే పబ్లిక్ చిరునామాతో బయటికి వెళ్లే పద్ధతి) వెనక ఉన్న నెట్‌వర్క్‌లో ప్రొవైడర్ మారితే పబ్లిక్ చిరునామా మారుతుంది, అప్పటికే నడుస్తున్న కాల్స్, వీపీఎన్‌లు తెగిపోతాయి. అది లోపం కాదు, ఆ డిజైన్ స్వభావమే. అదీ కుదరదంటే సొంత చిరునామాలు తీసుకుని ఇద్దరు ప్రొవైడర్లతోనూ బీజీపీ నడపాలి.

రెండో కేబుల్ కలపగానే మొత్తం స్తంభించింది

లూప్. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ (ఒక్కో రౌటర్ దాటగానే తగ్గే ఆయుష్షు లెక్క) ఉంటుంది, తిరిగి తిరిగి చివరికి చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి ఆయుష్షు లెక్క లేదు. రెండు స్విచ్‌ల మధ్య రెండు దారులు తెరిచి ఉంటే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ (అందరికీ పంపే ప్యాకెట్) చాలు, ఎవరో ఆపే వరకూ తిరుగుతూ, పెరుగుతూ ఉంటుంది. రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీని రూపొందించింది ఇందుకే: అదనపు దారి ఉండాలి, అవసరం పడేవరకూ మూసి ఉండాలి.

లూప్‌ను గుర్తుపట్టడానికి ర్యాక్ ముందు నిలబడితే చాలు. మామూలుగా ఒక్కో పోర్టు దీపం తన లయలో తాను మిణుకుమంటుంది. లూప్ ఉన్నప్పుడు అన్నీ ఒకే వేగంతో, దాదాపు ఆరకుండా కొట్టుకుంటాయి. స్విచ్ లాగిన్‌కు ఆలస్యంగా స్పందిస్తుంది, సీపీయూ శిఖరంలో ఉంటుంది. లాగ్‌లో ఒకే మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఈ క్షణం 5వ పోర్టులో, మరుక్షణం 24వ పోర్టులో ఉన్నట్టు వరుసగా సందేశాలు వస్తుంటాయి. ఆ రెండు పోర్టుల నంబర్లే మీకు కావలసిన ఆధారం. వాటిలో ఒకదాని కేబుల్ తీయండి, నెట్‌వర్క్ కొన్ని సెకన్లలో ఊపిరి తీసుకుంటుంది.

తర్వాత అసలు పని. అన్ని స్విచ్‌లలో ఆర్‌ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ వేగవంతమైన రూపం) నడుస్తోందో లేదో చూడండి. రూట్ బ్రిడ్జ్ (మిగతా స్విచ్‌లు దారులు లెక్కించుకునే కేంద్ర స్విచ్) ఎవరో మీరే నిర్ణయించండి. ప్రయారిటీ సంఖ్య తక్కువ ఉన్నదే రూట్ అవుతుంది. ప్రయారిటీ అన్నిట్లోనూ డిఫాల్టు 32768గా వదిలేస్తే అతి తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్న స్విచ్ రూట్ అవుతుంది. చాలాసార్లు అది మూలన పడి ఉన్న అతి పాత స్విచ్. ఒక కోర్ స్విచ్‌కు 4096, రెండోదానికి 8192 ఇవ్వండి. మనుషులు కంప్యూటర్లు తగిలించే పోర్టులన్నిటిలో బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే ఆ పోర్టును మూసేది), స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్ వరదకు హద్దు పెట్టేది) పెట్టండి. టేబుల్ కింద ఎవరో పెట్టుకున్న చిన్న స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు కొనలూ గుచ్చితే వచ్చే లూప్‌ను ఆపేవి ఇవే.

మారుతోంది, కానీ అర నిమిషం పైగా పడుతోంది

పాత ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ తొలి రూపం) నడుస్తున్నట్టు లెక్క. అందులో లిజనింగ్ 15 సెకన్లు, లెర్నింగ్ 15 సెకన్లు, దూరాన తెగితే దానికి ముందు మరో 20 సెకన్ల ఎదురుచూపు. మొత్తం 50 వరకు పోవచ్చు. ఆర్‌ఎస్‌టీపీకి మార్చండి, కంప్యూటర్ల పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (అవతల స్విచ్ లేనివిగా) ప్రకటించండి. స్పానింగ్ ట్రీ బాగానే ఉంటే ఇతర టైమర్లు చూడండి. ఓఎస్‌పీఎఫ్ (సంస్థ లోపలి రౌటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) డెడ్ టైమర్ సాధారణంగా 40 సెకన్లు. ఎల్‌ఏసీపీ (పలు కేబుళ్లను ఒకే లింకుగా కలిపే పద్ధతి) గడువు స్లో పద్ధతిలో 90, ఫాస్ట్‌లో 3.

రెండు గేట్‌వే రౌటర్లూ తామే మాస్టర్ అంటున్నాయి

వీఆర్‌ఆర్‌పీ అంటే రెండు రౌటర్లు ఒకే గేట్‌వే చిరునామాను పంచుకునే పద్ధతి, అప్పటికి ఆ పని చేస్తున్నది మాస్టర్. అందులో మాస్టర్ సెకనుకొకసారి 224.0.0.18కు తన ఉనికిని చాటుతుంది. మూడు సెకన్లకు పైగా ఆ మాట వినబడకపోతే బ్యాకప్ తానే మాస్టర్ అవుతుంది. రౌటర్లు రెండూ నిక్షేపంగా ఉండి, మధ్య మాటలు మాత్రం ఆగిపోతే ఇద్దరు మాస్టర్లు తయారవుతారు. ట్రంక్ పోర్టులో (పలు వీలాన్‌లను మోసే పోర్టు) ఆ వీలాన్ (స్విచ్‌లో వేరు చేసిన ఉప నెట్‌వర్క్) అనుమతించకపోవడం, ఫిల్టర్ వీఆర్‌ఆర్‌పీ వాడే ప్రోటోకాల్ 112ను అడ్డుకోవడం, రెండు వైపులా ఆథెంటికేషన్ సరిపోలకపోవడం మామూలు కారణాలు. ఫైర్‌వాల్ జంటల్లో ఇది మరింత ప్రమాదం, ఎందుకంటే సెషన్లు రెండుగా చీలిపోతాయి. వాటి మధ్య హార్ట్‌బీట్‌కు (బతికే ఉన్నానని చెప్పే సంకేతం) ఒక్క కేబుల్ మీద ఆధారపడకండి. రెండు పెట్టండి, రెండూ ఒకే స్విచ్ గుండా పోకుండా చూడండి.

దీనికి విరుద్ధమైన సమస్య కూడా ఉంది, అది మౌనంగా ఉంటుంది: మాస్టర్ రౌటర్ బయటి లింకు పోయింది, లోపలి పోర్టు బాగుంది, కాబట్టి తాను మాస్టర్‌నని చాటుతూనే ఉంది. కంప్యూటర్లన్నీ దారి లేని రౌటర్‌కే ప్యాకెట్లు పంపుతున్నాయి. బయటి దారిని ట్రాక్ చేసి, పోతే ప్రయారిటీ తగ్గేలా పెట్టాలి. ఆ లెక్క సరిచూసుకోండి. మాస్టర్‌కు 110, బ్యాకప్‌కు 100 ఉన్నప్పుడు తగ్గింపు 5 అయితే మాస్టర్ 105తో ఇంకా పైనే ఉంటుంది. 20 తగ్గాలి.

మారింది, కానీ అన్నీ నత్తనడక నడుస్తున్నాయి

రెండు లింకులనూ రోజూ వాడుతూ ఒక్కోటీ 65 శాతం నిండుతోందంటే, ఒకటి పోయిన రోజున మిగిలినదాని మీద 130 శాతం పడుతుంది. అలాంటి నెట్‌వర్క్‌కు బ్యాకప్ లేదు, రెండు లింకుల సామర్థ్యం మాత్రమే ఉంది. రెండిటి మొత్తం రద్దీ ఎప్పుడూ ఒక లింకుకు మించకూడదు. సగటు కాదు, రద్దీ వేళ చూడండి. సామర్థ్యం పెంచడం కుదరకపోతే, వైఫల్యం వేళ ఏది ఆగినా పర్వాలేదో ముందే నిర్ణయించి క్యూఓఎస్‌లో (ట్రాఫిక్‌కు ప్రాధాన్యాలిచ్చే అమరిక) రాయండి. బ్యాకప్‌లు, అప్‌డేట్లు ఆగవచ్చు, ఫోన్ కాల్స్ ఆగకూడదు. పవర్ సప్లైలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

రెండూ ఒకేసారి పోయాయి

99 శాతం నమ్మకమైన లింకు ఏడాదిలో దాదాపు మూడున్నర రోజులు ఉండదు. అలాంటివి రెండు పెడితే 99.99 శాతం వస్తుందని, అంటే ఏడాదికి 53 నిమిషాలే పోతాయని కాగితం మీద లెక్క తేలుతుంది. ఆ లెక్క ఒక్క షరతు మీద నిలబడింది: ఒకదాని పతనానికీ రెండోదాని పతనానికీ ఏ సంబంధమూ ఉండకూడదు. వాస్తవంలో ఆ సంబంధం ఎక్కడో ఒకచోట ఉంటుంది.

2001 జులై 18న అమెరికాలోని బాల్టిమోర్‌లో రైలు పట్టాలు తప్పి హోవార్డ్ స్ట్రీట్ సొరంగంలో మంటలు లేచాయి. పలు సంస్థల ఫైబర్లు అదే సొరంగం గుండా పోతున్నాయి, ఒక్క ప్రమాదంతో అన్నిటికీ దెబ్బ తగిలింది. బిల్లు ఇద్దరు వేర్వేరు ప్రొవైడర్ల నుంచి వస్తున్నంత మాత్రాన దారులు వేరు కావు. ప్రొవైడర్‌ను అడగాల్సిన ప్రశ్న మీకు రింగ్ (ఒకచోట తెగినా రెండోవైపు నుంచి చేరే వలయం) ఉందా అని కాదు. ఫైబర్ భవనంలోకి ఎటు వైపు నుంచి వస్తుంది, ఏ గొట్టంలో పోతుంది, ఏ ఎక్స్ఛేంజీలో ముగుస్తుంది అని రాతపూర్వకంగా అడగండి, ఇద్దరి మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూడండి. నేలలో వేర్వేరు దారులు దొరకకపోతే రెండోది వైర్‌లెస్ తీసుకోండి. వేగం తక్కువైనా పొక్లెయిన్ దాన్ని తెంచలేదు.

భవనం లోపల ఇంకా సులభంగా దొరుకుతుంది ఈ తప్పు. రెండు పవర్ సప్లైలున్న స్విచ్ తీగలు రెండూ ఒకే యూపీఎస్‌లోకి పోతుంటాయి. తీగను చేత్తో పట్టుకుని చివరి వరకూ చూడండి, లేబుల్‌ను నమ్మకండి.

కనబడని ఉమ్మడి కారణం సాఫ్ట్‌వేర్. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ దూర టెలిఫోన్ వ్యవస్థలో ఒక స్విచ్ ఆగి, కోలుకుని, తాను తిరిగి వచ్చానని పక్కవాటికి సందేశాలు పంపింది. ఆ సందేశాలను అందుకునే కోడ్‌లో ఉన్న దోషం వల్ల అవీ ఆగిపోయాయి, కోలుకుంటూ తమ పక్కవాటిని పడగొట్టాయి. ఒకే సాఫ్ట్‌వేర్ నడుపుతున్న 114 స్విచ్‌లలో ఈ అల సుమారు 9 గంటలు కొనసాగింది. అందుకే జంట పరికరాలను ఒకే రాత్రి అప్‌గ్రేడ్ చేయకండి. ఒకటి మార్చి, కనీసం వారం పని ఒత్తిడిలో చూసి, రెండోది ముట్టుకోండి.

నెట్‌వర్క్ బాగుంది, ఏ సైటూ తెరుచుకోవడం లేదు

చిరునామా నంబరుకు పింగ్ పోయి, పేరుకు పోకపోతే సమస్య డీఎన్‌ఎస్‌లో, అంటే సైటు పేరును చిరునామా నంబరుగా మార్చే సేవలో. రెండు డీఎన్‌ఎస్ సర్వర్లూ ఒకే భౌతిక యంత్రం మీద వర్చువల్‌గా నడుస్తున్నాయేమో చూడండి, తరచూ అదే. రెండోది వేరే చోట ఉన్నా లినక్స్ యంత్రాలు డిఫాల్టుగా మొదటిదాని కోసం ప్రతిసారీ 5 సెకన్లు ఎదురుచూస్తాయి. వాడేవాళ్లకు అది ఆగిపోయినట్టే. ఆ గడువును సెకనుకు తగ్గించండి.

తప్పు తెలుసు, సరిచేయడానికి పరికరంలోకి వెళ్లలేకపోతున్నాం

2021 అక్టోబర్ 4న నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఫేస్‌బుక్ వెన్నెముక నెట్‌వర్క్‌ను తెంచేసింది. మామూలుగా సరిచేసే సాధనాలన్నీ అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండటంతో ఇంజనీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. సేవలు సుమారు 6 గంటలు నిలిచిపోయాయి. నిర్వహణ దారి వేరుగా ఉండాలి: కన్సోల్ సర్వర్ (నెట్‌వర్క్ లేకున్నా పరికరాల నిర్వహణ పోర్టులకు చేర్చే పెట్టె), దానికి సెల్యులర్ లింకు, లాగిన్ సర్వర్ అందనప్పుడు పనిచేసే స్థానిక ఖాతా, కాగితం మీద ముద్రించిన తాజా డయాగ్రాం.

స్టాండ్‌బై ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు

ప్రధాన లింకు పోయిన రోజున, రెండోది ఎన్నాళ్లుగానో పనిచేయడం లేదని తేలుతుంది. రెండు పనులు చేయాలి. ఖాళీగా ఉన్న లింకు మీద కూడా పర్యవేక్షణ పెట్టి, అది పోతే ప్రధాన లింకు పోయినంత గట్టిగా అలారం మోగించండి. రెండో పని: క్రమం తప్పకుండా, ముందే అందరికీ చెప్పి, ప్రధాన లింకును కావాలనే పడగొట్టి చూడండి.

పరీక్షకు కేబుల్ పీకడం ఒక్కటే చాలదు, అది అన్నిటికన్నా తేలికైన వైఫల్యం. ఒకసారి పవర్ తీయండి. ఒకసారి పోర్టు వెలుగుతుండగానే ప్యాకెట్లను ఫిల్టర్‌తో ఆపండి. సెకనుకు 5 చొప్పున పింగ్ నడుపుతూ చేస్తే, పోయిన 15 పింగ్‌లు అంటే 3 సెకన్లని వెంటనే తెలుస్తుంది. ఆ సంఖ్యను రాసి ఉంచి తర్వాతి పరీక్షతో పోల్చండి. వెనక్కి మారడాన్నీ అలాగే కొలవండి. ప్రధాన రౌటర్ రీస్టార్ట్ అయి, బయటి రూట్లు ఇంకా నేర్చుకోకముందే మాస్టర్ పాత్ర లాక్కుంటే రెండోసారి అంతరాయం వస్తుంది. ప్రీయెంప్ట్ ఆలస్యాన్ని (మాస్టర్ పాత్ర తిరిగి తీసుకునే ముందు ఆగే సమయం) ఆ రౌటర్‌కు రూట్లన్నీ చేరడానికి నిజంగా పట్టే సమయం కన్నా కాస్త ఎక్కువ పెట్టి, ఆ పరీక్ష మళ్లీ చేయండి.