మిలిటరీ తాతగారి ఫొటో – 3వ పాఠం: ఛాతీ మీది రిబ్బన్లు

పోయిన పాఠంలో ఆల్బం పాడుచేయకుండా ఫొటోలు స్కాన్ చేయడం నేర్చుకున్నాం. ఈ పాఠమంతా ఎడమ జేబు పైన కనిపించే ఆ బెత్తెడు గుడ్డముక్కల గురించే. బెంగళూరు దండు (కంటోన్మెంట్), ఉల్సూరు చుట్టుపక్కల చాలా తెలుగు ఇళ్ల గోడల మీద యూనిఫాం వేసుకున్న తాతగారో ముత్తాతగారో ఉంటారు. ‘బర్మాలో పోరాడాడట’ అన్న ఒక్క ముక్క తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. ఆ ముక్కను కాసేపు పక్కన పెట్టండి. ముందు ఫొటో ఏం చెబుతుందో విందాం.

చొక్కా, టోపీ ఏళ్ల తరబడి మారవు. రిబ్బను అంటే పతకానికి గుర్తుగా పెట్టుకునే చారల గుడ్డముక్క. దానికి మాత్రం పుట్టిన తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందు దాన్ని ఎవరూ పెట్టుకునే వీల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన నక్షత్రాకారపు పతకాలే స్టార్లు. వాటిలో 1939–45 స్టార్ 1943 జూలైలో, 1939–43 స్టార్ అనే పేరుతో, ఆఫ్రికా స్టార్‌తో పాటు వచ్చింది. బర్మా స్టార్, ఇటలీ స్టార్ 1945 మేలో ప్రకటించారు. వార్ మెడల్ 1945 ఆగస్టులో, ఇండియా సర్వీస్ మెడల్ 1946లో వచ్చాయి. కాబట్టి బర్మా స్టార్ రిబ్బనుతో ఉన్న ఫొటో వెనక ఎవరైనా ‘1943’ అని రాసి ఉంటే, అది తర్వాతెప్పుడో గుర్తున్నమేరకు రాసిందే. ఖాళీ ఛాతీ చూసి యుద్ధానికి వెళ్లలేదనుకోవద్దు. 1943 నడిమి దాకా ఈ యుద్ధానికి స్టార్ రిబ్బను ఎవరి దగ్గరా లేదు.

ముందుగా ఫొటో తిరగబడి ప్రింటయిందేమో చూడండి. రిబ్బన్లు మనిషి ఎడమ ఛాతీ మీద, అంటే చూసేవాళ్లకు కుడివైపు ఉండాలి. అటుది ఇటు కనిపిస్తే చొక్కా గుండీల పట్టీ చూడండి. మగవాళ్ల చొక్కాలో ఎడమ అంచు కుడి అంచు మీదకు వస్తుంది. అదీ తిరగబడి ఉంటే నెగటివ్‌ను తిప్పి ప్రింట్ చేశారన్నమాట. గుండీలు సరిగా ఉండి పతకాలు మాత్రం కుడి ఛాతీ మీద ఉంటే, చనిపోయిన తండ్రి పతకాలను కొడుకు పెట్టుకున్నాడేమో ఆలోచించండి.

ఇక కొలత. రిబ్బను వెడల్పు 32 మిల్లీమీటర్లు. మనిషి నిలువెత్తున 7 సెంటీమీటర్లు పడ్డ ఫొటోలో అది 1.3 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్‌లో దానికి దక్కేది 30 పిక్సెళ్లు. ఇటలీ స్టార్‌లో ఐదు చారలు కనుక చారకు ఆరు పిక్సెళ్లే. అందుకే ఛాతీ భాగాన్ని విడిగా 2400 డీపీఐలో మళ్లీ స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచండి. ఫోన్లలోని ‘ఎన్‌హాన్స్’ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. అవి లేని చారలను చక్కగా గీసి పెడతాయి. కాంట్రాస్ట్ పెంచుకోండి, చాలు.

అసలు చిక్కు రంగుల దగ్గరే. ఆ రోజుల్లో ఆర్థోక్రొమాటిక్, పాంక్రొమాటిక్ అని రెండు రకాల ఫిల్ములూ వాడేవారు. మొదటిదానికి ఎరుపు కనిపించదు. ఎరుపు నల్లగా, నీలం తెల్లబారి పడతాయి. రెండోదానిలో రంగుల వెలుగు కంటికి కనిపించినట్టే ఉంటుంది. పక్కన నాయనమ్మగారు కూర్చుని ఉంటే ఆవిడ నుదుటి బొట్టు చూడండి. కాటుకలా నల్లగా ఉంటే మొదటి రకం కావచ్చు. బొట్టు రంగు మనకు తెలియదు కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోండి. చేతితో రంగులు వేసిన ఎన్‌లార్జిమెంట్లయితే అసలు నమ్మొద్దు, ఆ రిబ్బన్ల రంగులు స్టూడియో ఆర్టిస్టు ఇష్టం.

కాబట్టి రంగు కాదు, చారల అమరిక చూడాలి. 1939–45 స్టార్‌లో మూడు సమానమైన చారలు: ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. ముదురు నీలం ఛాతీ మధ్యవైపు ఉండాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1947 ఇండిపెండెన్స్ మెడల్‌కూ మూడు సమానమైన చారలే, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. తేడా మధ్య చారలో తెలుస్తుంది. మధ్యది తెల్లగా మెరిస్తే స్వాతంత్ర్యం తర్వాతి ఫొటో. ఆఫ్రికా స్టార్‌కు లేత ఇసుకరంగు నేల, నడుమ వెడల్పాటి ఎర్రచార, దానికి ఒకవైపు ముదురు నీలం, మరోవైపు లేత నీలం సన్నచారలు. ఇటలీ స్టార్ ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. బర్మా స్టార్‌లో మధ్య ఎర్రచారకు రెండు పక్కలా ముదురు నీలం, ఒక్కో నీలం నడుమ సన్నటి నారింజ గీత.

బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన బర్మా గడ్డ మీద అడుగుపెట్టాడని కాదు. నిర్ణీత కాలంలో అస్సాం, బెంగాల్‌లలో పనిచేసినవాళ్లకూ అది ఇచ్చారు. ‘బర్మాలో పోరాడాడట’ అన్న మాటను రిబ్బను ఒక్కటే రుజువు చేయదు. వార్ మెడల్ ఇంకా ఉదారం, ఎక్కడైనా 28 రోజులు పనిచేస్తే చాలు. ఇండియా సర్వీస్ మెడల్ మాత్రం దేశంలోనే మూడేళ్లు యుద్ధరంగం కాని చోట పనిచేసినవాళ్లకు.

ఆఫ్రికా స్టార్ రిబ్బను మీద చిన్న వెండి అంకె ‘8’ కనిపిస్తే పంట పండినట్టే. 1942 అక్టోబర్ 23 నుంచి 1943 మే 12 లోపు ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ ఎనిమిదో సైన్యంలో ఉన్నాడని దాని అర్థం. దాని పక్కన ఇటలీ స్టార్ కూడా ఉందనుకోండి. ఇటలీలో పోరాడిన మూడు భారతీయ పదాతి డివిజన్లు 4, 8, 10. వీటిలో ఆ నెలల్లో ఎడారిలో ఎనిమిదో సైన్యంతో నడిచింది నాలుగోది. అంటే భుజం మీద ఆ డివిజన్ గుర్తయిన ఎర్ర గద్దను వెతకాలి. అది దొరక్కపోతే తొందరపడి నాలుగో డివిజన్ అని రాసేయకండి. డివిజన్లకు బయట, సైన్యం కింద నేరుగా పనిచేసిన రవాణా, ఇంజనీరింగ్ దళాలూ ఉండేవి.

అభ్యాసం: ఒక్కో ఫొటోకు ఒక కాగితం తీసుకుని నిలువుగా మడవండి. ఎడమవైపు ‘దీని తర్వాత’, కుడివైపు ‘దీనికి ముందు’ అని రాయండి. కనిపించిన రిబ్బన్లన్నీ ఛాతీ మధ్య నుంచి భుజం వైపుగా వరసలో రాసి, ఒక్కోదాని తేదీ ఎడమ గడిలో వేయండి. ఆ తేదీల్లో అన్నిటికన్నా తర్వాతిదే మీ ఫొటోకు తొలి హద్దు. 1939–45 స్టార్ కన్నా ముందు ఇంకో రిబ్బను ఉంటే అది శౌర్య పతకమో, పాత సరిహద్దు పోరాటాలదో, స్వాతంత్ర్యం తర్వాతి భారత పతకమో కావచ్చు. దాని చుట్టూ ఎర్రగా గుండ్రం చుట్టి వదిలేయండి. అనుమానం ఉన్న చారకు ప్రశ్నార్థకం పెట్టండి, ఊహతో పూరించొద్దు.

వచ్చే పాఠం భుజం మీది ఇత్తడి అక్షరాలు, తలపాగాల గురించి. ఏ రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయాలో తేలేది వాటితోనే. మద్రాస్ శాపర్స్ (ఇంజనీరింగ్ దళం) అయినా, ఏ.ఎస్.సి. (రవాణా, సరఫరా దళం) దక్షిణ విభాగమైనా, పయనీర్లయినా (శ్రామిక దళం) రికార్డులు బెంగళూరులోనే ఉంటాయి. మద్రాస్ రెజిమెంటయితే వెల్లింగ్టన్, ఇ.ఎం.ఇ. (యంత్రాలు, వాహనాల మరమ్మతు దళం) అయితే సికింద్రాబాద్. ఈలోగా తాతగారి పేరు, ఆయన తండ్రిగారి పేరు, ఊరు, తాలూకా, అప్పటి జిల్లా రాసి ఉంచండి. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్నీ రాయండి.