అపాచీ ఉన్న ఉబుంటులోనే ఇంజిన్‌ఎక్స్ కూడా: నాకు పనిచేసిన పద్ధతి

అపాచీ, ఇంజిన్‌ఎక్స్ రెండూ వెబ్ సర్వర్లు, అంటే బ్రౌజర్‌కి వెబ్ పేజీలు అందించే ప్రోగ్రాములు. నా ఉబుంటు లినక్స్ సర్వర్‌లో అపాచీ 80వ పోర్టు (ప్రోగ్రాములు కనెక్షన్లు అందుకునే నంబరు) మీద నడుస్తుండగా ఇంజిన్‌ఎక్స్ వేశాను. ఇన్‌స్టాల్ అయింది, స్టార్ట్ కాలేదు. లాగ్‌లో 98వ నంబరు ఎర్రర్: ఆ అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందని. తీసేసి మళ్లీ వేయడం, సర్వర్ రీబూట్, ఫైర్‌వాల్ ఆపడం అన్నీ అయ్యాయి, లాభం లేదు.

ముందు, ఏ పోర్టు ఎవరి చేతిలో ఉందో చూపే ఎస్‌ఎస్ కమాండ్‌తో 80 అపాచీ చేతిలోనే ఉందని, 8080 ఖాళీ అని చూసుకున్నాను. తర్వాత ఇంజిన్‌ఎక్స్ సైట్స్-అవైలబుల్ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ ఫైల్ తెరిచాను. అందులో ఏ పోర్టు వాడాలో చెప్పే లిజన్ లైన్లు రెండు ఉంటాయి. నేను మొదటిదే మార్చి ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. చదరపు బ్రాకెట్లలో రెండు కోలన్లున్న రెండోది ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ అడ్రసులు) కోసం, అది ఇంకా 80నే అడుగుతోంది. రెండూ 8080 చేశాక స్టార్ట్ అయింది. సెట్టింగుల ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూసే కాన్ఫిగ్ టెస్ట్‌ని మాత్రం నమ్ముకోకండి, పోర్టు బిజీగా ఉన్నా అది ఓకే అనే అంటుంది.

తీరా 8080 తెరిస్తే అపాచీ పేజీ! మళ్లీ టెన్షన్. రెండింటికీ డిఫాల్ట్ ఫోల్డర్ ఒకటే కాబట్టి అపాచీ పెట్టిన ఇండెక్స్ ఫైల్‌నే ఇంజిన్‌ఎక్స్ చూపిస్తోంది. కర్ల్ కమాండ్‌తో హెడర్లు (పేజీతో పాటు సర్వర్ పంపే వివరాలు) చూస్తే సర్వర్ పేరు ఇంజిన్‌ఎక్స్ అనే ఉంది. అదే డిఫాల్ట్ ఫైల్‌లో, పేజీలు ఏ ఫోల్డర్ నుంచి తీయాలో చెప్పే రూట్ లైన్‌లో వేరే ఫోల్డర్ ఇచ్చి ఇంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేశాను.

ఇది ఉబుంటు ప్యాకేజీతో నా అనుభవం. సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కట్టుకున్నవాళ్లకు ఫైళ్లు వేరే చోట ఉండొచ్చు. క్లౌడ్ సర్వర్ అయితే బయటి ఫైర్‌వాల్‌లోనూ 8080 తెరవాల్సి రావచ్చు.