మన వాట్సాప్ గ్రూపుకి మన మాటలు

ఫేస్‌బుక్‌ని ముఖపుస్తకం అంటే ఒకసారి నవ్వుకుంటాం, మర్నాటికి మర్చిపోతాం. ముక్కకి ముక్క అతికిస్తే అంతే. కొత్త తెలుగు మాట పుట్టించాలంటే పేరుని వదిలేసి, అక్కడ మనిషి చేసే పనిని పట్టుకోండి. దానికి మన నోట్లో నానుతున్న తోక ఒకటి తగిలించండి.

తిండిపోతు, నిద్రపోతు ఉన్నాయి కదా, పొద్దస్తమానం రీల్స్ చూసేవాడు రీలుపోతు. వాగుడుకాయ ఉంది కాబట్టి, వచ్చిన ప్రతి మెసేజ్‌నీ అందరికీ తోసేవాడు తోపుడుకాయ. నీలం టిక్కులు పడ్డా ఉలకనివాడు టిక్కుమౌని. మరి అందరి పుట్టినరోజులూ గుర్తుచేసి, అలిగి వెళ్లినవాళ్లని బతిమాలి గ్రూపులోకి తెచ్చే అక్కని వట్టి అడ్మిన్ అంటే ఏం బాగుంటుంది? కలుపుగోలక్క అనండి. వీటన్నిటిలో నాకు ఇదే ఇష్టం. వెక్కిరింపు మాటలు వాటంతటవే పుడతాయి, ఆప్యాయంగా పిలిచేవి కూర్చుని వెతకాలి.

పాత మాటకి కొత్త పని అప్పగించినా చాలు. తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీ పేరు రచ్చబండ. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన సైటు పేరు కూడలి. రెండింటికీ వివరణ అక్కర్లేదు.

మాట పుట్టగానే లు, కి, తో చేర్చి పలకండి: "రీలుపోతులకి ఇవాళ అన్నం లేదు." నాలుక తడబడకపోతే అర్థం చెప్పకుండా గ్రూపులో వాడేయండి. పోతు, కాయ మాత్రం ఈడువాళ్ల మధ్యే. బాబాయిని తోపుడుకాయ అంటే ఆయన నిజంగానే నొచ్చుకుంటారు.