సంక్రాంతి సెలవులకు మండావా వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

సంక్రాంతికి ఊరెళ్లడం కుదరకపోతే నలుగురైదుగురు స్నేహితులం కలిసి బెంగళూరులో విమానం ఎక్కి, జైపూర్‌లో దిగి, రాజస్థాన్‌లోని షెఖావాటీ ప్రాంతం వైపు వెళ్లడం మా మారతహళ్లి బృందానికి అలవాటైంది. మండావా, నవల్‌గఢ్, ఫతేపూర్ వీధుల్లో ఇళ్ల గోడలన్నీ బొమ్మలే. పనేమీ పెట్టుకోకుండా, సందు సందూ తిరుగుతూ, టీ తాగుతూ గోడలు చూడటం కంటే మంచి విశ్రాంతి నాకు తెలీదు. కానీ ఎడారి అనగానే ఎండే గుర్తొచ్చి, పలుచటి చొక్కాలు సర్దుకుని బయల్దేరేవాళ్లను చూస్తే నిజంగా భయమేస్తుంది.

మన బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. ఫతేపూర్‌లో చలి ముదిరిన రాత్రుల్లో సున్నా కంటే కిందికి పోతుంది. ఆ పక్కనే ఉన్న చూరు పట్టణంలో 2019 జూన్ 1న 50.8 డిగ్రీల ఎండ కాసింది. ఇసుక నేల వేడిని దాచుకోదు, గాలిలో తేమ ఉండదు, అందుకే పొద్దు వాలగానే చల్లబడిపోతుంది. మధ్యాహ్నం చొక్కా చాలు, రాత్రికి మాత్రం లోపల థర్మల్స్, పైన స్వెటరు, ఆపైన జాకెట్, చెవులకు టోపీ కావాలి. ఒక్క లావుపాటి కోటు కంటే ఇలా పొరలు పొరలుగా వేసుకోవడమే మేలు. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, కాబట్టి పెదాలకూ మడమలకూ వ్యాజలీన్ పట్టుకెళ్లండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. చలికి ఓర్చుకోలేకపోతున్నామంటే బస ఇచ్చినవాళ్లు బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెడతారు. అక్కడ దాన్ని అంగీఠీ అంటారు. మాకూ అలాగే పెట్టారు. తలుపులూ కిటికీలూ బిగించుకుని కబుర్లలో పడ్డాం. గంట గడిచేసరికి ఒకడికి తలనొప్పి, ఇంకొకడికి వాంతి వచ్చేలా ఉంది. ప్రయాణం బడలిక అనుకున్నాం. బాత్రూమ్‌కని లేచినవాడు తూలి పడబోతేగానీ అనుమానం రాలేదు. తలుపులు బార్లా తీసి అందరం ఆరుబయటికి వచ్చేశాం. బొగ్గు సరిగా కాలక వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగూ ఉండదు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రాదు. ఉత్తరాదిలో ప్రతి చలికాలం ఇలా పోయే ప్రాణాలున్నాయి. కుంపటి దగ్గర చలి కాచుకోవాలంటే ఆరుబయటే కాచుకోండి. పడకగదిలోకి మాత్రం రానివ్వకండి, ఇంకో రెండు రజాయిలు అడగండి. ఎవరికైనా తల తిరిగితే ముందు ఆరుబయటికి తీసుకెళ్లి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయండి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే కిటికీ తీసే ఉంచండి.

జైపూర్ నుంచి మండావా దాదాపు 170 కిలోమీటర్లు. ఈ దూరం పగలే వెళ్లండి. జనవరిలో తెల్లవారుజామున పొగమంచు కమ్మితే ముందున్న ట్రాక్టరు, ఒంటెబండి దగ్గరికి వెళ్లేదాకా కనపడవు. డ్రైవర్‌ను తొందరపెట్టకండి. హెడ్‌లైట్లు లో-బీమ్‌లోనే ఉండాలి, హై-బీమ్ వేస్తే వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. విమానాలూ ఆలస్యమవుతాయి కాబట్టి సోమవారం పొద్దున ఆఫీసుకు అందుకునేలా తిరుగు టికెట్ తీసుకోకుండా ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

సంక్రాంతి రోజు జైపూర్ ఆకాశమంతా గాలిపటాలే. చూడ్డానికి ఎంత బాగుంటుందో, గాజుపొడి పూసిన మాంజా అంత ప్రమాదం. ఆ రోజు స్కూటర్లు అద్దెకు తీసుకోవద్దు. నీళ్ల సంగతికొస్తే, ఆ ప్రాంతపు భూగర్భజలాల్లో చాలాచోట్ల ఉప్పదనమూ ఫ్లోరైడూ ఎక్కువ. నల్గొండ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫిల్టర్ నీళ్లే తాగండి, చలికి దాహం వేయకపోయినా తాగండి.

ఇక హవేలీలు, అంటే ఆ బొమ్మల గోడలున్న పాతకాలపు భవంతులు. వాటిని కట్టించిన మార్వాడీ వ్యాపారుల కుటుంబాలు చాలావరకు కోల్‌కతా, ముంబైల్లో స్థిరపడ్డాయి. ఎన్నో ఇళ్లకు కాపలా మనిషి తప్ప దిక్కులేదు. పైమెట్లు చీకటిగా, ఎత్తుగా ఉంటాయి, పిట్టగోడలు వదులైపోయి ఉంటాయి. ఫొటో కోసం వాటిని ఆనుకుని నిలబడొద్దు. కాపలా మనిషి వద్దన్న గదిలోకి అడుగు పెట్టొద్దు.

అంతే జాగ్రత్త ఆ బొమ్మల పట్లా కావాలి. పాతవాటిలో చాలా వరకు తడి సున్నపు గచ్చు ఆరకముందే రంగు అద్ది వేసినవి. గచ్చు ఆరుతూ రంగును తనలో పట్టేసుకుంటుంది. అందుకే కృష్ణలీలల పక్కన రైళ్లూ మోటారు కార్లూ ఇన్నేళ్లు నిలిచాయి. కానీ నేలలోంచి ఎక్కే చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు ఆ గచ్చును లోపలి నుంచి పొడిపొడి చేస్తోంది. బ్యాగ్ జిప్పు రాసుకున్నా పెచ్చు ఊడిపోతుంది. గోడకు ఒక అడుగు ఎడంగా నడవండి, వేలు పెట్టి చూపించకండి. అసలు రంగులు ఎలా ఉండేవో చూడాలంటే నవల్‌గఢ్‌లో 1902లో కట్టిన పోదార్ హవేలీకి వెళ్లండి. దాన్ని బాగుచేయించి మ్యూజియంగా ఉంచారు. దాన్ని ముందు చూసి, తర్వాత పాడుబడ్డ ఇళ్లకు వెళ్తే, ఆ గోడల దగ్గర చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.