పోయినవాళ్ళ పేరు మీద ఉన్న షేర్లు, ఫండ్లు మీ పేరుకు మార్చుకోవడం: ఫ్యామిలీ సర్టిఫికెట్ దగ్గరే అసలు పని

ఇంట్లో పెద్దాయన పోయాక బీరువా సర్దుతుంటే పాత షేర్ సర్టిఫికెట్లు బయటపడతాయి. అవి చెల్లుతాయా చెల్లవా, ఎవరిని అడగాలి అని తిరుగుతుండగా ఒక ఏజెంటు తగులుతాడు. "నాకు కంపెనీలో తెలిసినవాళ్ళున్నారు, వచ్చినదాంట్లో మూడోవంతు ఇవ్వండి చాలు" అని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకొని ఒరిజినల్స్ పట్టుకుపోతాడు. కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు ఇలా ఇచ్చేసి కూర్చున్న ఇళ్ళు నాకు తెలుసు. ఈ పనికి లోపల తెలిసినవాళ్ళెవరూ అక్కర్లేదు, కంపెనీకి కట్టాల్సిన ఫీజు కూడా లేదు. కోర్టు అవసరం పడకపోతే ఖర్చంతా స్టాంపు పేపర్లు, నోటరీ, పోస్టు. కావాల్సింది ఓపిక, ఒకదానితో ఒకటి సరిపోయే కాగితాలు. జనం ఆగిపోయేది ఆ కాగితాల దగ్గరే కాబట్టి మిగతా సంగతులు త్వరగా చెప్పి అక్కడ నిదానంగా ఆగుతాను.

మొదట ఏమేం ఉన్నాయో తేల్చుకోండి. డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లు కాగితం లేకుండా కంప్యూటర్లో ఉండే ఖాతా, ఉండి ఉంటే ఆయన పాన్ నంబరు మీద ఆ షేర్లను దాచే సంస్థలైన ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి స్టేట్‌మెంటు ఈమెయిల్‌కో ఇంటికో వస్తూ ఉంటుంది, పాత మెయిళ్ళు, కవర్లు వెతకండి. మ్యూచువల్ ఫండ్లలో మరిచిపోయినవి ఏమైనా ఉన్నాయేమో చూడటానికి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2025లో 'మిత్ర' అనే వెతుకులాట సదుపాయం తెప్పించింది, ఫండ్ల లెక్కలు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ వెబ్‌సైట్లలో దొరుకుతుంది. బాండ్ల విషయంలో, ఉద్యోగాలు చేసినవాళ్ళ ఇళ్ళలో 2010-11, 2011-12 సంవత్సరాల్లో పన్ను మినహాయింపు కోసం కొన్న ఇన్‌ఫ్రా బాండ్ల కాగితాలు ఉండే అవకాశం ఎక్కువ. అప్పట్లో ఇరవై వేల దాకా మినహాయింపు ఇచ్చారు, వాటిలో చాలావాటికి గడువు తీరిపోయింది, అసలూ వడ్డీ అడగకుండా పడి ఉండవచ్చు. అవి కూడా పక్కన పెట్టండి.

కాగితం మీద ఉన్న కంపెనీ పేరు ఇప్పుడు ఎక్కడా కనపడకపోతే షేరు పోయిందని అనుకోవద్దు. మన కర్నూలులోని శ్రీ రాయలసీమ ఆల్కలీస్ ఇప్పుడు టీజీవీ ఎస్‌ఆర్‌ఏఏసీ పేరుతో నడుస్తోంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. అంటే చేతిలో ఉన్న కాగితం పాతదైనా దాని వెనక హక్కు బతికే ఉంది. కంపెనీ వెబ్‌సైట్లో ఇన్వెస్టర్ల పేజీ తెరిస్తే వాళ్ళ రిజిస్ట్రార్ (కంపెనీ తరఫున షేర్‌హోల్డర్ల లెక్కలు చూసే సంస్థ) ఎవరో రాసి ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఉండే ఫోలియో నంబరుతో ఆ రిజిస్ట్రార్‌కు ఒక మెయిల్ పెట్టి, షేర్లు ఎన్ని ఉన్నాయి, నామినీ ఉన్నారా, డివిడెండు ఏ సంవత్సరం నుంచి ఆగిపోయింది, షేర్లు ఎవరూ అడగని సొమ్ము చేరే ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్ళాయా అని నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు రాతలో ఉండాలి, ఫోనులో చెప్పినది నమ్ముకోవద్దు.

జాయింటు హోల్డరు ఉంటే పని తేలిక. మరణ ధ్రువపత్రం, బతికున్నవారి పాన్, కేవైసీ ఇచ్చి పోయినవారి పేరు తీసేయిస్తారు. నామినీ ఉంటే దాదాపు అంతే తేలిక. కాకపోతే నామినీగా పేరున్నంత మాత్రాన ఆస్తి మొత్తం నామినీదే అయిపోదు. వారసుల హక్కు వారసులదేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కంపెనీ నామినీ చేతికి ఇస్తుంది, పంచుకోవడం ఇంట్లో చట్టప్రకారం జరగాలి.

పేపరు షేర్లకు నింపాల్సిన ఫారాలు: పేరు మార్పిడి దరఖాస్తు ఐఎస్‌ఆర్-5, దాంతో పాటు హక్కు అడిగే మనిషి కేవైసీ కోసం ఐఎస్‌ఆర్-1, బ్యాంకు సంతకం ధ్రువీకరణ కోసం ఐఎస్‌ఆర్-2. అన్నీ రిజిస్ట్రార్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఐఎస్‌ఆర్-2 మీద బ్యాంకు మేనేజరు సంతకం, సీలుతో పాటు ఆయన పేరు, ఉద్యోగి నంబరు కూడా రాయించుకోండి, అవి లేక వెనక్కి తిరిగొచ్చిన ఫారాలు ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి పేపరు షేర్లు ఒకరి నుంచి ఒకరికి అమ్ముకోవడం ఆగిపోయింది, ఇప్పుడు పేరు మార్చినా కొత్త సర్టిఫికెట్ ఇవ్వరు, డీమ్యాట్‌లోకే వస్తాయి. కాబట్టి మీ పేరున డీమ్యాట్ ఖాతా ముందే తెరిచి పెట్టుకోండి. ఆ ఖాతాలో మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి, ఖాతా తెరిపించినవాడివి కాదు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్

నామినీ లేని కేసుల్లో అంతా దీని మీదే నిలబడుతుంది. దరఖాస్తు గ్రామ లేదా వార్డు సచివాలయంలో, లేకపోతే మీసేవలో ఇస్తారు, వీఆర్వో, ఆర్‌ఐ విచారణ అయ్యాక తహసీల్దారు సంతకంతో వస్తుంది. వినడానికి చిన్న పని. దీన్ని ఇష్టం వచ్చినట్టు రాయించుకుని, ఆ తప్పుతోనే రిజిస్ట్రార్ దగ్గరికి పోయి, అక్కడ అడ్డం పడ్డాక మళ్ళీ ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళే ఎక్కువ.

మొదటి తప్పు ఆడపిల్లల పేర్లు వదిలేయడం. పెళ్ళయి వెళ్ళిపోయింది కదా, రేషను కార్డులో లేదు కదా అని దరఖాస్తులో అమ్మ పేరు, కొడుకుల పేర్లు మాత్రమే రాస్తారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది, పెళ్ళితో అది పోదు. అంతేకాదు, పోయినాయన తల్లి ఇంకా బతికుంటే ఆమె కూడా భార్యాపిల్లలతో సమానంగా మొదటి తరగతి వారసురాలే. ఇంట్లో మూలన మంచం మీద ఉన్న అవ్వ పేరు రాయాలని చాలామందికి తట్టదు. ముస్లిం కుటుంబాల్లో వారసుల లెక్క వేరు, తల్లిదండ్రులు బతికుంటే వాళ్ళకూ వాటా ఉంటుంది, కాబట్టి అక్కడ ఎవరి పేరూ సొంతంగా తీసేయకండి. వదిలేసిన పేరు తర్వాత బయటపడితే దరఖాస్తు ఆగిపోవడమే కాదు, మీరు సంతకం పెట్టిన అఫిడవిట్ అబద్ధం అవుతుంది. అక్కచెల్లెళ్ళు తమకు వద్దంటే దానికి దారి వేరే ఉంది: పేరు సర్టిఫికెట్‌లో ఉంటుంది, వాళ్ళు నోటరీ చేసిన నిరభ్యంతర పత్రం ఇస్తారు. చెల్లెలికి చెప్పకుండా చేసుకుందామనే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి ఇక్కడే మానుకోండి. అది ఆమె సొమ్ము కూడా.

రెండోది పేర్లు. సీమలో మనకు ఇంటిపేరు కొన్నిచోట్ల పొడి అక్షరం, కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల అసలు ఉండదు. షేర్ సర్టిఫికెట్ మీద ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో మొత్తం ఉంటుంది, మరణ ధ్రువపత్రంలో పంచాయతీ సెక్రటరీ వినపడినట్టు రాసి ఉంటాడు. మద్దిలేటి అన్న పేరునే ఇంగ్లీషులో ఒకచోట రెండు 'డి'లతో, ఇంకోచోట ఒక 'డి'తో రాస్తారు. దస్తగిరి, హుసేన్, సుంకన్న, ఏ పేరైనా ఇదే తంతు. ఆడవాళ్ళకైతే పుట్టింటి ఇంటిపేరుతో ఒక కాగితం, అత్తింటి ఇంటిపేరుతో ఒక కాగితం. మనకు మనిషి ఒక్కరే అని తెలుసు, ముంబైలోనో చెన్నైలోనో కూర్చుని ఫైలు చూసే ఉద్యోగికి వాళ్ళు ఇద్దరు మనుషులు.

అందుకని ఏ ఆఫీసుకూ వెళ్ళకముందు ఒక తెల్ల కాగితం తీసుకొని షేర్ సర్టిఫికెట్‌లో పోయినవారి పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం రాయండి, దాని కిందే మరణ ధ్రువపత్రం, పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉందో రాయండి. తర్వాత మీ సొంత పేరుకూ అదే చేయండి. తేడా ఎక్కడుందో అప్పుడు కంటికి కనపడుతుంది. మరణ ధ్రువపత్రంలో తప్పు ఉంటే జారీ చేసిన పంచాయతీలో లేదా మున్సిపల్ ఆఫీసులో ముందు దాన్ని సరిచేయించండి, ఎందుకంటే ఫ్యామిలీ సర్టిఫికెట్ దాన్ని చూసే రాస్తారు. పోయినవారి మిగతా కాగితాల్లో చిన్న తేడాలుంటే ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, దాంతో పాటు ఓటరు కార్డు, పెన్షను పుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్ లాంటి పాత ఆధారం జతచేయాలి. రెండు పేర్లూ పక్కపక్కన కనపడే కాగితం ఏదైనా ఉంటే అది బంగారం. మీ పేరు విషయంలో అఫిడవిట్ల జోలికి పోకుండా ఆధార్, పాన్, బ్యాంకు, డీమ్యాట్ నాలుగూ ఒకేలా చేసుకోవడమే మంచిది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ఏ స్పెల్లింగు శాశ్వతంగా ఉంచుకోవాలో తేల్చుకున్నాకే వెళ్ళండి.

జిల్లా పేరు గురించి మాత్రం టెన్షన్ పడొద్దు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా విడిపోయాక డోన్, పాణ్యం, ఆత్మకూరు వైపు వాళ్ళ పాత కాగితాల్లో కర్నూలు జిల్లా అనే ఉంటుంది. ఐఎస్‌ఆర్-1లో ఇప్పటి చిరునామా రాసి, దానికి రుజువు పెడితే సరిపోతుంది.

కోర్టుకు పోవాలా

"సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులెవరో కోర్టు తేల్చి ఇచ్చే పత్రం) లేకుండా కాదు" అని భయపెట్టి అడ్వాన్సు తీసుకునేవాళ్ళు ఉన్నారు. అన్ని కేసుల్లో అది నిజం కాదు. సెబీ నిబంధనల్లో నామినీ లేనప్పుడు కూడా ఒక పరిమితి వరకు సులువైన పద్ధతి ఉంది: పేపరు షేర్లయితే ఒక్కో కంపెనీలో 5 లక్షల దాకా, డీమ్యాట్‌లో అయితే ఒక్కో ఖాతాదారుకు 15 లక్షల దాకా. ఆ లోపలైతే వారసులందరి అఫిడవిట్, ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఇంకెవరైనా హక్కు అడిగితే నష్టం మేమే భరిస్తామనే హామీ), వద్దన్నవాళ్ళ నిరభ్యంతర పత్రం, అన్నీ నోటరీ చేసి ఇవ్వాలి. కంపెనీ తలుచుకుంటే ఆ పరిమితిని ఇంకా పెంచుకోవచ్చు కూడా. విలువ దాటితే కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్, ప్రొబేట్ అయిన, అంటే కోర్టు ధ్రువీకరించిన వీలునామా వంటివి అడుగుతారు, అధికారులు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రాన్ని కూడా 2022 నుంచి ఆ జాబితాలో చేర్చారు. మన తహసీల్దారు ఇచ్చే పత్రం మీ కేసులో చాలునా అని రిజిస్ట్రార్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే వకీలు దగ్గరికి వెళ్ళండి. వారసుల మధ్య గొడవ ఉంటే మాత్రం కోర్టు తప్పదు.

షేర్లు ఐఈపీఎఫ్‌కు వెళ్ళిపోతే

వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే, చట్టప్రకారం ఆ డివిడెండుతో పాటు షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ కంపెనీ వ్యవహారాల శాఖ కింద ఉన్న ఐఈపీఎఫ్ అథారిటీకి బదిలీ చేస్తారు. పాత ఇల్లు మారడం, ఆ బ్యాంకు ఖాతా మూసేయడం, పెద్దాయన పోయాక ఎవరూ పట్టించుకోకపోవడం, ఇలాగే పోతాయి. బదిలీ అయిందంటే జప్తు కాదు, తిరిగి అడగడానికి గడువు కూడా లేదు. పేరు, ఫోలియో పెట్టి ఐఈపీఎఫ్ వెబ్‌సైట్లో వెతకవచ్చు.

ఇక్కడ జనం చేసే పొరపాటు నేరుగా ఐఈపీఎఫ్-5 ఫారం నింపేయడం. ముందు కంపెనీకి వారసత్వ కాగితాలన్నీ ఇచ్చి, ఈ షేర్లకు హక్కుదారు మీరేనని వాళ్ళ దగ్గర ఎంటైటిల్‌మెంట్ లెటర్ తీసుకోవాలి. ఆ లెటరు చేతికి వచ్చాకే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఐఈపీఎఫ్-5 నింపాలి, దానికి ఫీజు లేదు. నింపాక వచ్చే రసీదు నంబరు రాసి పెట్టుకోండి. ఫారం ప్రింటు, రసీదు, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు, రెవెన్యూ స్టాంపు అంటించిన అడ్వాన్సు రసీదు, ఆధార్ కాపీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, డీమ్యాట్ క్లయింట్ మాస్టర్ లిస్టు (మీ డీమ్యాట్ ఖాతా వివరాల కాగితం), ఒరిజినల్ సర్టిఫికెట్లు కలిపి ఈ పనికి కంపెనీ పెట్టిన నోడల్ ఆఫీసరుకు స్పీడ్ పోస్టులో పంపాలి. పంపే ముందు ప్రతి కాగితం రెండు వైపులా ఫోటో తీసుకోండి. కంపెనీ పరిశీలించి రిపోర్టు పంపాలి, ఆ తర్వాత అథారిటీ తేల్చాలి. నిబంధనల్లో రాసిన గడువుల కన్నా పని ఆలస్యం కావడం మామూలే, భయపడకుండా రసీదు నంబరుతో పోర్టల్‌లో చూసుకుంటూ ఉండండి. ఏదైనా లోపం చూపి మెయిల్ వస్తే వెంటనే జవాబివ్వండి, ఇవ్వకపోతే తిరస్కరిస్తారు. ఫారంలో ఏజెంటు మెయిల్ పెట్టినవాళ్ళకు ఆ మెయిల్ వచ్చిన సంగతి కూడా తెలియదు.

సాయం అసలు తీసుకోవద్దని కాదు. ఫారం నింపడం రాకపోతే తెలిసిన పిల్లలతోనో, చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరో ముందే మాట్లాడుకున్న ఫీజు ఇచ్చి నింపించుకోండి. వాటా ఒప్పందం, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం, పవర్ ఆఫ్ అటార్నీ, ఓటీపీ, ఈ నాలుగింటిలో ఏదడిగినా లేచి వచ్చేయండి. ఇప్పటికే ఒరిజినల్స్ ఎవరికైనా ఇచ్చి ఉంటే రాతపూర్వకంగా వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు కాపీతో డూప్లికేట్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంది, హక్కు ఎక్కడికీ పోదు. రిజిస్ట్రార్ జవాబివ్వకుండా నాన్చితే సెబీ 'స్కోర్స్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, సెబీ టోల్‌ఫ్రీ 1800 266 7575 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

చివరగా అందరూ అడిగేది పన్ను. వారసత్వంగా షేర్లు మీ పేరుకు మారినందుకు పన్ను లేదు, అమ్మినప్పుడే లాభం మీద ఉంటుంది. మీ నాయన కొన్న ధరే మీరు కొన్న ధర కింద, ఆయన కొన్న తేదీయే మీ తేదీ కింద లెక్క. 2018 జనవరి 31 దాకా కొన్న లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో నమోదైన) షేర్లకు ఆ రోజు మార్కెట్ ధరను లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉంది, కాబట్టి యాభై ఏళ్ళ కిందటి బిల్లు దొరకలేదని అమ్మకం ఆపుకోవాల్సిన పని లేదు. లిస్టెడ్ షేర్ల మీద దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షలు దాటిన భాగానికే 12.5 శాతం పన్ను పడుతుంది.