జపాన్ అపార్ట్‌మెంట్‌లో భూకంపం తర్వాత: ఏది పనిచేయదు, ఎందుకు, ఏం చేయాలి

టోక్యో నిషికసాయ్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది ఉండేది పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాల్లో. 1981 తర్వాతి నిబంధనలతో కట్టిన భవనాలు గట్టి భూకంపానికి కూడా కూలిపోకుండా నిలబడేలా కట్టినవి. కష్టాలు ఊగడం ఆగాక మొదలవుతాయి. వాటిలో చాలావరకు మీ ఒక్క ఇంటివి కావు, భవనం మొత్తానివి. అందుకే ఏది ముట్టుకునే ముందైనా పైవాళ్లనీ కిందివాళ్లనీ ఒక మాట అడగండి.

గ్యాస్ వెలగడం లేదు

కారణం: షిందో (ఒక చోట నేల ఎంత గట్టిగా ఊగిందో చెప్పే జపాన్ కొలమానం) 5 స్థాయి కుదుపు వస్తే మీటరే గ్యాస్ ఆపేస్తుంది. అది పాడైపోలేదు.

పరిష్కారం: ముందు వాసన చూడండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకుండా, తీయకుండా కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. గ్యాస్ కంపెనీకి బయటి నుంచే ఫోన్ చేయండి. వాసన లేకపోతే పొయ్యి, గీజర్ అన్నీ కట్టేయండి. మీటరు సాధారణంగా గుమ్మం పక్కనున్న ఇనుప తలుపు వెనక ఉంటుంది. దాని మీద ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంటే, రీసెట్ బటన్ మూత తీసి గట్టిగా నొక్కి వదలండి. తర్వాత 3 నిమిషాలు దేన్నీ వెలిగించకండి, లీకు ఉందేమో మీటరు చూసుకునేది అప్పుడే. దీపం ఆరిపోతే వంట చేసుకోవచ్చు. ఆరకపోతే ఏదో ఒకటి కట్టకుండా వదిలేసి ఉంటారు, లేదా లీకు ఉంది.

కింది ఇంటి టాయిలెట్‌లోంచి మురుగు పైకి తన్నుతోంది

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

కారణం: అన్ని అంతస్తుల మురుగూ ఒకే నిలువు గొట్టంలోంచి దిగుతుంది. నేల కుంగితే భవనం గొట్టం భూమిలోని గొట్టాన్ని కలిసే చోట విరగొచ్చు. కుళాయి రాకపోయినా బాత్‌టబ్‌లో నీళ్లున్నాయి కదా అని పై అంతస్తువాళ్లు బకెట్‌తో ముంచి పోస్తారు. ఆ నీళ్లు కిందివాళ్ల ఇంట్లో తేలతాయి. 2011 భూకంపంలో టోక్యో పక్కనున్న ఉరయాసులో నేల బురదైపోయి చాలా ఇళ్లు వారాల తరబడి టాయిలెట్ లేకుండా గడిపాయి.

పరిష్కారం: గొట్టాలు బాగున్నాయని నిర్వహణ సంఘమో, ఆఫీసో చెప్పేదాకా ఒక్క చెంబు కూడా పోయకండి. సీటు ఎత్తి బేసిన్‌కి ఒక చెత్త సంచి తొడగండి. సీటు దించి, దాని మీద ఇంకో సంచి వేసి, గడ్డకట్టించే పొడి చల్లండి. వాడాక పై సంచి మాత్రమే తీసి, గాలి పిండేసి గట్టిగా ముడివేసి, మూతున్న డబ్బాలో పెట్టండి. పొడి లేకపోతే చింపిన న్యూస్‌పేపర్లు, పిల్లల డైపర్లు పనికొస్తాయి. మనిషికి రోజుకు 5 చొప్పున వారానికి 35 సంచులు, అంటే నలుగురుంటే 140. ఇవాళే కొని పెట్టుకోండి. పక్కింటివాళ్లకు జపనీస్‌లో రాసిన నోటీసు చదవడం రాకపోతే తలుపు తట్టి చెప్పండి.

లిఫ్ట్ ఆగిపోయింది

సెన్సర్ కుదుపు పసిగట్టి దగ్గరి అంతస్తులో ఆపేస్తుంది. మెకానిక్ వచ్చి చూశాకే చాలా లిఫ్టులు మళ్లీ కదులుతాయి. 2018 ఒసాకా భూకంపంలో లిఫ్టుల్లో మనుషులు ఇరుక్కుపోయిన ఘటనలు 300కు పైనే. అలాంటి రోజు మెకానిక్ ఇళ్ల దాకా రావడం ఆలస్యమవుతుంది. లోపలుంటే అన్ని అంతస్తుల బటన్లూ నొక్కి, తలుపు తెరుచుకున్న చోట దిగిపోండి. బయట ఉంటే మెట్లే. పై అంతస్తుల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఒక నీళ్ల బాటిల్ తీసుకెళ్లండి.

కరెంట్ వచ్చాక కాలిన వాసన

పడిపోయిన హీటర్ మీద దుప్పటి ఉంటుంది, నలిగిన వైరు ఉంటుంది. 1995లో కోబెలో ఇలాంటి మంటలు చాలా లేచాయి. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు మెయిన్ బ్రేకర్ దించేయండి.

తలుపు తెరుచుకోవడం లేదు

చట్రం వంకరపోయింది. బాల్కనీల మధ్య పలుచటి అడ్డుపలక ఉంటుంది, ఆపదలో దాన్ని తన్ని పక్కింట్లోకి వెళ్లొచ్చు. దానికి రెండు వైపులా సామాను పేర్చకండి.

పక్కింటివాళ్లు పలకడం లేదు

క్షేమంగా ఉన్నట్టు తలుపుకు తువ్వాలో కార్డో తగిలించే పద్ధతి చాలా సముదాయాల్లో ఉంది. అది కనబడని తలుపు తట్టండి, జవాబు లేకపోతే సంఘానికి చెప్పండి. ఇంటివాళ్లకు ఫోన్ కలవకపోతే 171 (విపత్తు సందేశాల ఫోన్ సేవ) నొక్కి, 1తో మాట రికార్డు చేయొచ్చు, 2తో వినొచ్చు.

గోడలకు బీటలు

శుభ్రం చేయకముందే ఫోటోలు తీయండి. వార్డు ఆఫీసు ఇచ్చే నష్ట ధ్రువపత్రానికి అవి ఆధారంగా పనికొస్తాయి. అద్దె ఇల్లయితే అవే ఫోటోలు యజమానికీ పంపండి.