పరాయి దేశంలో పాఠాలు చెబుతూ చారిత్రక ప్రేమ నవల రాయాలంటే

ముందు ఉద్యోగ ఒప్పందం, వీసా నిబంధనలు చదవండి. బయటి సంపాదనకు కొన్నిచోట్ల అనుమతి కావాలి. నేను బడికి వెళ్లకముందే రాస్తాను. పేపర్లు దిద్దాక నాకు వాక్యం పుట్టదు.

కాలాన్ని ఎంచుకునేటప్పుడు దుస్తులకంటే చట్టాలు ముందు చూడండి, కథ అక్కడే దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో 1753 నాటి వివాహ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారు చర్చి ఇచ్చే లైసెన్సుతో పెళ్లాడాలంటే తండ్రి సమ్మతి కావాల్సి వచ్చేది. స్కాట్లండ్‌కు ఆ చట్టం వర్తించేది కాదు. అందుకే జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి పారిపోయేవి. అలా పారిపోయే బండిలో కూర్చున్న అమ్మాయి ఏం ఆలోచిస్తోంది? అప్పట్లో పెళ్లయితే ఆమె సొమ్ముపై పెత్తనం చాలావరకు భర్తదే. ఆ భయమూ రాయండి, ప్రేమకు బరువొస్తుంది. కొత్త దేశంలో మీరు పడిన టెన్షన్ కూడా ఆమెకివ్వండి.

అప్పటి ప్రయాణ కథనాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముగింపు మాత్రం సుఖాంతమే ఉండాలి. ప్రేమ నవలల పాఠకులు దానికోసమే పుస్తకం తెరుస్తారు.